మంట తగ్గిన కాలు

మంట తగ్గిందని భయపడి ఆ ఆసుపత్రికి వచ్చిన మనిషి కొండమ్మ ఒక్కతే. బెంచీల మీద కూర్చున్న మిగతావాళ్ళంతా మంట పెరిగిందనో, తిమ్మిరెక్కిందనో, చీమలు పాకుతున్నాయనో వచ్చినవాళ్ళే. కొందరు చెప్పులు విప్పేసి అరికాళ్ళు చల్లటి గచ్చుకేసి రుద్దుకుంటున్నారు, కొందరు పంచె పైకి లాక్కుని పిక్కలు నొక్కుకుంటున్నారు. కొండమ్మ మాత్రం కుడికాలి బొటనవేలితో ఎడమకాలిని గిల్లుతోంది. ఏమే, ఉన్నావా? పలకవేం? ఇది నోరు మూసుకుని పన్నెండు రోజులైంది. రెండేళ్ళపాటు మనిషిని పీక్కుతిన్న కాలు, దుప్పటి అంచు తగిలితేనే కస్సుమన్న కాలు, ఇప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన కోడలిలా తలొంచుకుని కూర్చుంది. కుడిది నయం. కాస్త మెత్తబడ్డా ఇంకా సన్నగా మండుతూనే ఉంది. దానికేం ఢోకా లేదు, అది బతికే ఉంది. బెంగంతా ఎడమదాని గురించే. చీటీ మీద ముప్పై ఒకటి అంకె వేసిచ్చారు. లోపల ఇరవై రెండోవాళ్ళున్నారు. అంటే ఎంత లేదన్నా గంట. గంటలో తేలిపోతుంది, ఈ కాలు తనతో ఉంటుందో, మావ కాలు పోయిన దారినే పోతుందో.

కోడలు మాధవీలతకు మోపిదేవి వెళ్తున్నానని చెప్పి బయలుదేరింది. అబద్ధమే, అందులోనూ దేవుడి పేరు పెట్టి ఆడిన అబద్ధం. పాలకాయతిప్ప నుంచి ఆటోలో కోడూరు, కోడూరు నుంచి అవనిగడ్డ, అక్కడ బందరు బస్సు. మోపిదేవిలో బస్సాగినప్పుడు తల దించుకుని చీర కొంగు సర్దుకుంటున్నట్టు నటించింది, గుళ్ళోంచి సుబ్రహ్మణ్యేశ్వరుడు లేచొచ్చి కిటికీ దగ్గర నిలబడి, ఏం కొండమ్మా, నా దగ్గరికేనా అని అడుగుతాడేమోనని. అడిగితే ఏం చెప్పేది? నీ దగ్గరికి ఒకసారి వచ్చాం కదా స్వామీ, మేమిద్దరం, మంట తగ్గిందని పుట్టలో పాలు పోయడానికి. మావ ఎంత సంబరంగా వచ్చాడు! బస్సు దిగి గుడిదాకా పరుగులాంటి నడక. వెనక తను, "మెల్లిగా మావా, దేవుడెక్కడికీ పోడు" అంటూ. నవ్వుకుంటూ పోసిన పాలు స్వామీ అవి. పువ్వులమ్మే ఆవిడ బస్సు కిటికీలోంచి మూర పువ్వులు చాపితే కొండమ్మ వద్దని చెయ్యూపింది. బస్సు చల్లపల్లి రోడ్డెక్కిందాకా తలెత్తలేదు.

మావ అంటే అప్పారావు, ఆమె మొగుడు. వేటకెళ్ళే మనిషి. గాలి వాసన పట్టి వల ఎక్కడ వెయ్యాలో చెప్పేవాడు గానీ, ఒంట్లో షుగరెంతుందో అడిగితే "ఎంతుంటే నీకెందుకు, టీలో వేసుకుంటావా" అనేవాడు. రెండేళ్ళు మండాయి ఆయన కాళ్ళు. మండినన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కొబ్బరినూనె రాయమనేవాడు, రాస్తే చెయ్యి గరుకుగా ఉందని విసుక్కునేవాడు. తడిగుడ్డ చుట్టమనేవాడు, చుడితే బరువనేవాడు. కొండమ్మకూ కోపమొచ్చేది. పగలంతా ఎండలో చేపలు తిరగేసి, ఇంటికొచ్చి ఈయన కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలంటే ఎవరికి రాదు? అయినా కూర్చునేది. ఆ కాలి మీద ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఏ వేలి గోరు వంకరో, మడమ ఎక్కడ పగిలిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది. అలాంటిది ఒక కార్తీకంలో పొద్దున్నే లేచి, "ఒసే కొండా, మంట లేదే!" అని వాకిట్లోకి గంతేశాడు. ఇంట్లో ఆ వేళ చేగోడీలు వండారు. మొక్కు మొక్కుకున్నారు, మోపిదేవి వెళ్ళారు, పాలు పోశారు. ఇరవై రోజులు తిరక్కుండా ఇంట్లో ఏదో కుళ్ళిన వాసన. చేపలమ్ముకునే ఇల్లే కదా, ఏ మూలో ఏదో పడి కుళ్ళుతోందనుకుంది. బుట్టలన్నీ కడిగింది, గోనెలు దులిపింది, మంచం కింద చీపురు పెట్టి గీరింది. మూడోరోజుకి తెలిసింది, వాసన మంచం కింద కాదు, మంచం మీద అని. అరికాల్లో ఆలిచిప్ప ముక్క. ఎప్పుడు దిగిందో ఆ కాలికీ తెలియదు, కాలున్న మనిషికీ తెలియదు. బెజవాడ పెద్దాసుపత్రిలో మోకాలి కిందకి తీసేశారు. ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు, బతికాడంటే బతికాడు. పడవ ఎక్కలేని వేటగాడికి బతుకేముంటుంది.

అప్పుడు నేర్చుకుంది కొండమ్మ. మండే కాలు బతికున్న కాలు. పొయ్యి మండుతున్నంతసేపూ ఇంట్లో మనుషులున్నట్టు. పొయ్యి ఆరిందా, మిగిలేది బూడిదే. ఈ సంగతి ఏ డాక్టరూ చెప్పలేదు, ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ళారా చూసింది. మావ పోయిన రెండేళ్ళకు తన అరికాళ్ళలో మొదటిసారి మిరపకాయ పిండినట్టు చురుక్కుమన్నప్పుడు ఏడుపొచ్చింది, ఏడుపుతోపాటే, చెప్పుకుంటే నవ్వుతారు గానీ, ధైర్యం కూడా వచ్చింది.

"మీదేవూరమ్మా?" పక్కనున్న పెద్దాయన అడిగాడు. తెల్లచొక్కా, జేబులో కళ్ళజోడు, రెండు కాళ్ళూ చెప్పుల్లోంచి తీసి చెప్పుల మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

"పాలకాయతిప్ప దగ్గరండీ."

"అబ్బో, సముద్రం ఒడ్డు నుంచి వచ్చారా! నాది చిలకలపూడే. పిచ్చేశ్వరరావంటారు. కవరింగ్ గాజులకు మెరుగు పెట్టే పని, నలభై ఏళ్ళు కూర్చుని కూర్చుని చేశా. కాళ్ళ మంటేనా మీకూ?"

"మంటేనండీ," అంది. పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

"నాకైతే చెల్లెమ్మా, అడుగు తీసి అడుగేస్తే కుంపట్లో పెట్టినట్టుండేది. ఇంట్లో ఊరికే కసురుకునేవాణ్ణి. మా ఆవిడ, ఈయనకి అరికాలి మంట నెత్తికెక్కిందర్రా అనేది అందరి ముందూ. ఎక్కదా మరి! అనేవాళ్ళకేం, సామెత. పడేవాడికి తెలుస్తుంది. ఇప్పుడు మాత్ర వేస్తున్నా, సగానికి సగం నయం. హాయిగా ఉంది."

హాయిగా ఉందట. మావ కూడా ఇలాగే అన్నాడు, ఇలాగే పళ్ళన్నీ బయటపెట్టి. కొండమ్మకు ఆ పెద్దాయన పాదాలు చూడాలనిపించింది, తిప్పి అరికాళ్ళు చూడాలనిపించింది. అన్నయ్యగారూ, హాయి అని మురిసిపోకండి, ఒకసారి కాలెత్తండి, నేను చూస్తాను అనాలనిపించింది. పరాయి మగాడి కాలెత్తమంటే బాగుంటుందా? తలుపు తీసుకుని నర్సు హెప్సిబా చేతిలో కాగితాలతో అటు నుంచి ఇటు వెళ్ళింది. చేతినిండా సన్నటి గాజులు. పిచ్చేశ్వరరావు గారు మెడ ముందుకు చాపి, "చూశారా, ఆ అమ్మాయి గాజులు మా వీధివే. మెరుగు చూసి చెప్పేస్తాను. ఎన్నేళ్ళు వేసుకున్నా నల్లబడవు. చప్పుడు చూడండి ఎంత పల్చగా ఉందో," అన్నాడు. ఆ చప్పుడు సంగతి కొండమ్మకు ఒకరు చెప్పాలా.

మూడు నెలల కింద ఈ లోపలి గదిలోనే ఈ అమ్మాయే తన కాళ్ళను స్టూలు మీద పెట్టించి, కళ్ళు మూసుకోమంది. చేతిలో ఒక పుల్లకు కట్టిన నైలాన్ దారం ముక్క. కొండమ్మకు నవ్వొచ్చింది, వలకు వాడే దారం కదా ఇది, దీంతో ఏం వైద్యం! "దీంతో పాదం మీద పది చోట్ల ముట్టుకుంటాను పెద్దమ్మా, తెలిసినప్పుడల్లా ఆ అనండి," అంది. కొండమ్మ కళ్ళు మూసుకుంది. ఏమీ తెలియలేదు. కాసేపయింది, ఇంకా ఏమీ తెలియలేదు. మండే కాలికి దారం తెలియకపోవడమేమిటి? తెలియడం లేదంటే రాసుకుంటారు, రాసుకుంటే బెజవాడ పంపుతారు, పంపితే... అప్పుడు వినిపించింది గాజుల చప్పుడు. చెయ్యి కాలి దగ్గరకు వచ్చినప్పుడల్లా సన్నగా గలగల. అంతే, దొరికింది దారి. గలగలమంటే ఆ, గలగలమంటే ఆ. పదికి పది. "చాలా బాగుంది పెద్దమ్మా!" అని ఆ పిల్ల మురిసిపోయి పుస్తకంలో రాసుకుంది. బయటికొచ్చాక కొండమ్మకు మొదట గర్వంగానే ఉంది. వేలంపాటలో చేపల పెట్టెను పైనుంచి చూసి అడుగున ఏముందో చెప్పగల మనిషి తను, ఈ చిన్న పిల్లను బోల్తా కొట్టించడం ఓ లెక్కా. అవనిగడ్డ బస్సెక్కాక మాత్రం ఒక ప్రశ్న వెంటపడింది. ఎవర్ని బోల్తా కొట్టించినట్టు? బస్సు కదిలాక ఆ ప్రశ్నను కిటికీలోంచి బయటికి తోసేసి చల్లపల్లిదాకా కునుకు తీసింది.

ఆ రోజే డాక్టరు దయానందం గారు మంటకని ఒక మాత్ర రాశారు. ఎర్రటి గొట్టం. రాత్రిపూట ఒకటి. మంట తగ్గిస్తుందమ్మా అన్నారు. తగ్గిస్తుందన్న మాట వినగానే కొండమ్మ మనసులో దానికి తలుపు మూసేసింది. మాధవీలత రోజూ అన్నం తిన్నాక అరచేతిలో నాలుగు మాత్రలు పోసి, మంచినీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడుతుంది. మంచి పిల్ల. తను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్డు తినిపించినట్టే అత్తకూ మాత్రలు తినిపిస్తుంది, మింగిందాకా కదలదు. అయినా కొండమ్మ కొండమ్మే. మూడు నోట్లో వేసుకుని, ఎర్రగొట్టాన్ని వేళ్ళ సందున బిగించి, గ్లాసు ఎత్తి, ఆ తర్వాత చేపలకు చల్లే కల్లుప్పు డబ్బాలో పడేసేది. రెండు నెలల గొట్టాలు పోగయ్యాయి అందులో. ఈ నెలలో ఆ బాధ కూడా తప్పింది, మందుల షాపు ప్రసాద్ గారి దగ్గర ఎర్రవి అయిపోయాయి కాబోలు, సంచీలో రాలేదు. అన్నీ తెల్లవే. తెల్లవి షుగర్‌వి, వాటితో తనకు పేచీ లేదు. గుటుక్కున మింగేస్తోంది.

అలాగని మంటను ముద్దు చేసిందా? లేదు బాబూ, పగవాడికి కూడా వద్దు ఆ మంట. ఏప్రిల్‌లో తిప్ప మీద ఇసక ఎలా కాలుతుందో తెలుసా, సావిడాయ చేపలు ఆరబోసి తిరగేసేటప్పుడు ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ నడుస్తారు ఆడవాళ్ళు, ఆ ఇసకను ఎవరో అరికాలి చర్మం లోపల పోసి కుట్టేసినట్టుండేది. మరీ తట్టుకోలేనప్పుడు చేపలొచ్చే ఐసు పెట్టెలో కాలు పెట్టేది. అందరూ చేపలు దింపుకుని పెట్టె ఖాళీ చేశాక అడుగున మిగిలే ఐసు ముక్కలు, నీచునీళ్ళు. కాలు పెట్టగానే, అబ్బ, ప్రాణం లేచొచ్చేది. ఊళ్ళో షుగరున్న ఆడవాళ్ళందరిదీ అదే మందు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పెట్టె చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పాదాలు నానబెట్టుకుంటారు. అరగంటలో చల్లదనం విడిచి మంట మళ్ళీ మొదలయ్యేది. మొదలైనప్పుడు కొండమ్మ మూలిగేది, మూలుగుతూనే హమ్మయ్య అనుకునేది. ఉన్నావు కదా, ఇంకా ఉన్నావు. మొన్న ఆదివారం కూడా కుడికాలు పెట్టింది, జెల్ల చేపలు దింపిన పెట్టెలో. ఎడమది పెట్టలేదు. మండని కాలికి ఐసెందుకు? చెప్పులు వేసుకోమని డాక్టరు గారు మెత్తటివి రాసిచ్చారు గానీ, అవి గోడకు మేకుకు వేలాడుతున్నాయి. పడవల దగ్గరకు చెప్పులతో పోకూడదు. గంగమ్మ తిరిగే చోటు. ఆరబోసిన చేపల మధ్య చెప్పులతో నడిస్తే తినే తిండిని తొక్కినట్టే. అత్తగారు నేర్పింది, అత్తగారికి వాళ్ళత్తగారు నేర్పింది.

ఈ మధ్య ఇంకో కొత్త సంగతి, కూర్చున్నచోటల్లా కునుకు. పోయిన వారం గుడివాడ మార్కెట్లో ఎండు నెత్తళ్ళ గుట్ట వెనక కూర్చుని కూర్చునే తలవాల్చేసింది. పిల్లి వచ్చి రెండు మాగ చేప ముక్కలు లాక్కుపోతే పక్క కొట్టు భానుమతి, "ఏం పిన్నీ, పిల్లికి పెళ్ళి భోజనం పెడుతున్నావా?" అని అరిచింది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. వయసు మీద పడుతోంది అనుకుంది. కాలు పోయేముందు మావకు కూడా ఇలాగే మత్తుగా ఉండేదా? గుర్తు లేదు. గుర్తు చేసుకోవాలని ఎంత తవ్వినా అప్పారావు ఒక్క పోజులోనే గుర్తొస్తున్నాడు, కొత్త పెళ్ళికొడుకుగా, వలలోంచి చేప తీస్తుంటే బొటనవేలికి జెల్ల ముల్లు దిగి, "అమ్మో, అమ్మో, చచ్చానే" అని ఇసకలో దొర్లుతూ. ఆరడుగుల మనిషి. జెల్ల ముల్లంటే అంతే మరి, ఒంట్లో దిగిందంటే ఎంతటి మగాడైనా కేకలు పెట్టాల్సిందే. అందుకే జెల్ల చేతికి రాగానే ముందు ముళ్ళు విరిచి పారేస్తారు. తను పకపకా నవ్వుతూ వేలు నోట్లో పెట్టుకుని... ఛీ, ఆసుపత్రిలో కూర్చుని ఏమిటీ ఆలోచన. పక్కన పిచ్చేశ్వరరావు గారు లోపలికి వెళ్ళి వచ్చేశాడు. ఎప్పుడు వెళ్ళాడో ఎప్పుడు వచ్చాడో కూడా చూడలేదు, వెళ్ళొస్తానమ్మా అంటున్నాడు. "కాళ్ళు జాగర్తండీ," అంది కొండమ్మ, గొంతు కాస్త పైకే లేచింది. ఆయన ఆశ్చర్యంగా చూసి, నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

"కొండమ్మగారూ! ముప్పై ఒకటి!"

లోపల అదే స్టూలు, అదే దీపం, అదే పుస్తకం. హెప్సిబా పేజీ తిప్పింది. "పోయినసారి పదికి పది. చాలా బాగుంది. మంట ఎలా ఉంది పెద్దమ్మా?"

"తగ్గిందమ్మా," అంది కొండమ్మ, పోయినవాళ్ళ గురించి చెప్పే గొంతుతో.

"తగ్గిందా? మంచిదే కదండీ! ఆ మొహం పెట్టారేంటి?"

ఇక ఆగలేదు. ఎవరికీ చెప్పని సంగతంతా ఆ పిల్ల ముందు గుమ్మరించింది. "మాత్ర వేసుకుని తగ్గితే వేరు తల్లీ. నేను వేసుకోలేదు. ఎర్రగొట్టాలన్నీ ఉప్పు డబ్బాలో ఉన్నాయి. వేసుకోకుండానే తగ్గింది. మా ఆయనకీ ఇలాగే ఉన్నట్టుండి తగ్గి, నెల తిరక్కుండా కాలు తీసేశారు. నా ఎడమకాలు పోతోందమ్మా. మంట ఉన్నంతకాలం ధైర్యంగా ఉన్నా, ఇప్పుడు లేదు."

హెప్సిబా కోప్పడలేదు. చెయ్యి చాపి మందుల సంచీ అడిగింది. ఒక్కో మాత్రల అట్ట తీసి వెలుగులో పెట్టి చదివింది. మూడోది దగ్గర ఆగింది. "ఇది ఎప్పట్నుంచి వేస్తున్నారు?"

"తెల్లదా? షుగర్‌ది. మూడు వారాలైంది."

"షుగర్‌ది కాదండీ. ఎర్రగొట్టంలో ఉన్న మందే ఇది. కంపెనీ వేరు, రంగు వేరు, అంతే. షాపులో అవి లేక ఇవి ఇచ్చినట్టున్నారు. మూడు వారాల నుంచి మీరు మంట మాత్రే మింగుతున్నారు పెద్దమ్మా. పగలు కునుకొస్తోందా?"

మూడు వారాలు! వేళ్ళ సందున బిగించి, గ్లాసు ఎత్తి, అన్ని విద్యలూ చేసి, చివరికి పిల్లికి పెళ్ళి భోజనం పెట్టింది అందుకా! "ఓసి నా దుంప తెగ," అంది. అని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. చచ్చిందనుకున్న కాలు చావలేదు, మాత్ర వేసుకుని పడుకుంది. హెప్సిబా ఇంకా చెబుతోంది. షుగర్ వల్ల చెడిన నరాలు ఊరికే మంట మంట అని అరుస్తాయట, మాత్ర ఆ అరుపును తగ్గిస్తుందట, కాలిని చంపదట, అలాగని చెడిన నరాన్ని బాగూ చెయ్యదట. కొందరికి నరం బొత్తిగా పోయాక మాత్ర లేకుండానే మంట ఆగిపోతుందట, మీ ఆయనకి అలా అయ్యుండొచ్చు అంది. సగం విన్నది కొండమ్మ. సంతోషంలో చెవులు సరిగా పనిచెయ్యలేదు. ఎడమకాలు స్టూలు మీదికి తనే ఎత్తి పెట్టి, ముసలి ఆవును నిమిరినట్టు నిమిరింది.

"రెండోది కూడా పెట్టండి."

"కుడిదెందుకులే అమ్మా. అది మండుతూనే ఉంది, దానికేం కాలేదు."

"రెండూ చూడాలి పెద్దమ్మా."

పెట్టింది. హెప్సిబా మడమ పట్టుకుని పాదం పైకెత్తి దీపం దగ్గరకు లాక్కుంది. గాజులు గలగలమని, ఆగిపోయాయి. "ఎన్ని రోజులైంది ఇది?" అంది.

"ఏది?"

హెప్సిబా తలుపు తీసి, "సార్, ఒకసారి వస్తారా?" అని పిలిచింది. దయానందం గారు వచ్చారు, వంగి చూశారు, పెదవి కొరుక్కున్నారు. ఏదో మందు పోశారని నేల మీద చుక్కలు పడితే తెలిసింది. చిన్న పటకారు పట్టుకుని లాగారు. కొండమ్మ మొహం చూస్తూ లాగారు ఆయన, ఎక్కడ అరుస్తుందోనని. ఆవిడ అరవలేదు. ఆవిడకు ఏమీ తెలియలేదు. దూది మీద చీమూ నెత్తురూ, దాని మధ్య వేలి కణుపంత ముల్లు. "ఎముకదాకా పోలేదమ్మా, అదృష్టం. ఇంకో వారం ఆగి వచ్చుంటే నేను ఈ మాట చెప్పేవాణ్ణి కాదు. కాలు ఎందులో పెట్టారు?" ఐసు పెట్టెలో అని చెప్పింది. ఆయన తిట్టినంత పని చేశారు. ఐసొద్దు, వేణ్ణీళ్ళొద్దు, ఉత్త కాళ్ళతో నడవొద్దు, రోజూ అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి, కోడలి చేత చూపించుకోవాలి. కట్టు కట్టి, ధనుర్వాతం సూది వేసి, మందులు రాసి, ఎల్లుండి మళ్ళీ రమ్మని వెళ్ళిపోయారు. "పడవల దగ్గర చెప్పులు వేసుకోకూడదండీ," అని గొణిగింది కొండమ్మ. "పడవకు దణ్ణం పెట్టుకుని వేసుకోండి," అంది హెప్సిబా, కట్టు చివర అతికిస్తూ.

పళ్ళెంలో ముల్లు అలాగే ఉంది. కొండమ్మకు చెప్పక్కర్లేదు అది ఏమిటో. జెల్ల ముల్లు. పక్కలకు రంపంలా పళ్ళు. ఆదివారం నుంచి ఇది తన కాల్లో ఉంది. ఇసకలో దొర్లించే ముల్లు, ఆరడుగుల మావను అమ్మో అనిపించిన ముల్లు, దీన్ని అరికాల్లో పెట్టుకుని ఆటో ఎక్కింది, బస్సెక్కింది, గంటసేపు బెంచీ మీద కూర్చుని ఈ కాలికేం ఢోకా లేదనుకుంది. మండుతోంది కదా అనుకుంది. చెయ్యి చాపి చూపుడువేలితో దాని మొనను తాకింది. "అబ్బా!" గభాల్న వెనక్కి లాక్కుంది. వేలికి తెలిసింది. వేలికి వెంటనే తెలిసింది.

అయితే మావ కాలు మండుతున్నప్పుడు కూడా దానికి ఏమీ తెలిసుండదు. చిప్ప దిగినా, మేకు దిగినా తెలిసుండదు. మరి ఆ రెండేళ్ళూ ఏమీ కాకుండా ఎలా ఉంది? తను చూసేది కదా. నూనె రాస్తూ, తిట్టుకుంటూ, రోజూ ఒళ్ళో పెట్టుకుని చూసేది. ఎన్నిసార్లు చేప పొలుసూ, గాజుపెంకూ గోటితో తీసి పారేసిందో. మంట పోయిన రోజు నుంచి నూనె అడగలేదు ఆయన. తను చూడలేదు. పండగ చేసుకున్నారు, పాలు పోశారు, ఇరవై రోజులు ఆ కాలు వైపు ఎవరూ చూడలేదు. మావా, నీ కాలు మంట ఆరినందుకు పోలేదు. నేను చూడనందుకు పోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడిస్తే ఈ పిల్ల భయపడుతుంది, ఇంకా బయట చాలామంది ఉన్నారు.

"ఎడమకాలికి దారం పరీక్ష ఒక్కటి మిగిలింది పెద్దమ్మా. కళ్ళు మూసుకోండి."

మూసుకుంది. చీకట్లో గాజులు గలగలమన్నాయి. "ఆ" నోటి చివరిదాకా వచ్చింది, ఎంత అలవాటైన దొంగ. పళ్ళ వెనకే పట్టుకుంది. మళ్ళీ గలగల. కొండమ్మ పలకలేదు. మూడోసారి. పలకలేదు.

"పెద్దమ్మా? తెలియట్లేదా? పోయినసారి ఇక్కడ తెలిసిందన్నారే."

"పోయినసారి రాసినవన్నీ కొట్టెయ్ తల్లీ," అంది కొండమ్మ, కళ్ళు తెరవకుండానే. "అవి నీ గాజులు విని చెప్పినవి."

తర్వాత ఒకటొకటిగా గాజులు తీస్తున్న చప్పుడు, వాటిని బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు. ఇప్పుడు చెయ్యి ఎక్కడుందో, దారం ఎక్కడుందో కనిపెట్టే దారే లేదు. కొండమ్మ ఎదురుచూసింది. వేళ్ళ దగ్గర ఏమీ లేదు. వేళ్ళ కింద మెత్త దగ్గరా ఏమీ లేదు. బయట ఎవరో టోకెన్ నంబరు అడుగుతున్నారు. ఇంకా ఎదురుచూసింది. అప్పుడు అరికాలి గుంట దగ్గర, చీమ వాలి ఎగిరినంత సన్నగా, ఏదో తగిలింది.

"ఆ," అంది కొండమ్మ. "ఇక్కడ."